గుడ్డులో సొట్ట

పొద్దున మా అంగన్‌వాడీ సెంటర్ తాళం తీసేసరికి మంచు ఇంకా విడలేదు. నర్సంపేట వైపు కార్తీకంలో ఇట్లాగే ఉంటుంది, ఎండ వచ్చేదాకా చెలకల్లో పత్తి ఏదో మంచు ఏదో దగ్గరికి పోయి చూస్తే గాని తెలియదు. పత్తి ఏరే రోజులు కాబట్టి తల్లులు పిల్లల్ని తొందరగా దింపి కూలికి పోతున్నారు. రిజిస్టర్‌లో 19 మంది ఉంటే వచ్చింది 13 మంది. ఆయమ్మ అప్పటికే గుడ్లు కడిగి గిన్నెలో వేసి పెట్టింది.

రాత్రి మా చెల్లె బిడ్డతో వీడియోకాల్ మాట్లాడి పడుకునేసరికి పదకొండు దాటింది. తను అన్న మాటలే పొద్దంతా చెవిలో తిరిగాయి, మరిచిపోకముందే రాసి పెట్టుకుంటున్నాను. తను అమెరికాలో హెడ్ స్టార్ట్ బడిలో టీచరు పక్కన అసిస్టెంటుగా చేస్తోంది. హెడ్ స్టార్ట్ అంటే మన అంగన్‌వాడీకి దూరపు చుట్టం అనుకోవచ్చు, తక్కువ ఆదాయం ఉన్న ఇళ్ళ పిల్లల కోసం అక్కడ 1965లో మొదలైంది, మన అంగన్‌వాడీలు నడిచే ఐసీడీఎస్ పథకం 1975 అక్టోబరు 2న మొదలైంది. వాళ్ళ గదికి ఒకరు వచ్చి మూలన కూర్చొని 20 నిమిషాలు గమనిస్తారట, తర్వాత 10 నిమిషాలు మార్కులు వేసుకుంటారట, మళ్ళీ 20 నిమిషాలు చూస్తారట. ఆ పద్ధతి పేరు క్లాస్ (CLASS), తరగతి గదిని గమనించి మార్కులు వేసే పద్ధతి. వర్జీనియా విశ్వవిద్యాలయంలో రాబర్ట్ పియాంటా, ఆయనతో పనిచేసినవాళ్ళు తయారు చేశారు, ఒకటి నుంచి ఏడు దాకా మార్కులు. గోడ మీద ఎన్ని చార్టులున్నాయి, పిల్లలకు ఎన్ని రైమ్స్ వచ్చు అన్నది కాదట, టీచరు పిల్లలతో ఎట్లా మాట్లాడుతోంది, పిల్ల ఒక మాట అంటే దానికి ఏమంటోంది అన్నది చూస్తారట. ప్రేమగా ఉండటంలో, గదిని నడపటంలో చాలామందికి మంచి మార్కులే వస్తాయి గాని, పిల్ల ఆలోచనను ఇంకొక అడుగు ముందుకు తీసుకుపోయే మాటల దగ్గరే తక్కువ వస్తాయట.

"మాకు కూడ అక్కడనే తక్కువచ్చినయి పెద్దమ్మా. ఏం చేసినా గుడ్ జాబ్, గుడ్ జాబ్ అంటున్నరు, అక్కడితోటే మాట అయిపోతున్నది అని రాసిన్రు" అంది.

అది విన్నప్పటి నుంచి నా నోట్లోంచి వచ్చే మాటలు నాకే వేరేగా వినపడుతున్నాయి. పదహారేళ్ళుగా పిల్లలతో ఉన్నాను, రోజుకు ఎన్నిసార్లు "వెరీ గుడ్" అంటానో ఎప్పుడూ లెక్కపెట్టుకోలేదు. ఈరోజు పొద్దున పదిన్నర లోపే పదకొండు సార్లు అన్నాను, ఆ తర్వాత లెక్క తప్పింది.

అందులో ఒకటి ఇంకా మనసులో గుచ్చుకుంటూనే ఉంది. అందరూ బుడ్డోడు అని పిలిచే పిలగాడు, నాలుగున్నర ఏళ్ళు, పలక వద్దని కాగితం అడిగి తీసుకొని ఒక మూలకు పోయి చాలాసేపు గీశాడు. నేనేమో ఫోన్‌లో హాజరు ఎక్కించే పనిలో ఉన్నాను, సిగ్నల్ లేక కిటికీ దగ్గర నిలబడి ఉన్నాను. వచ్చి చీర కుచ్చిళ్ళు పట్టి లాగి కాగితం పైకెత్తి చూపించాడు. "అరె, వెరీ గుడ్, మస్తుగున్నది" అన్నాను, చూపు ఫోన్ మీదే ఉంది. వాడు ఒక నిమిషం అట్లాగే నిలబడ్డాడు, ఇంకేమన్నా అంటానేమో అని, నేను అనలేదు, వాడు కాగితం అక్కడే వదిలేసి పోయాడు. తర్వాత ఆ కాగితం తీసి చూస్తే ఒక పెద్ద సున్నా, దాని నుంచి కిందికి పొడుగ్గా ఒక గీత, గీత చివర చాలా గీతలు గజిబిజిగా ఉన్నాయి. పిలిచి అడిగాను, "ఇదేంది బిడ్డా, నాకు చెప్పవా?" అని. "ఏం లేదు" అన్నాడు. మళ్ళీ అడిగినా అదే మాట. పొద్దున అడిగితే చెప్పేవాడు. అప్పుడు వాడి నోటి నిండా ఆ ముచ్చట ఉంది, మధ్యాహ్నానికి లేదు.

దీని గురించి ఆలోచిస్తుంటే మా నాయనమ్మ కథలు గుర్తొచ్చాయి. రాత్రి కథ చెప్పేటప్పుడు మేం ఊకొట్టాలి, ఊకొట్టకపోతే నాయనమ్మ ఆపేసేది, "పండుకున్నరా ఏంది?" అనేది. ఆ ఊ అన్నది మెచ్చుకోవటం కాదు కదా, కథ బాగుంది నాయనమ్మా అని మేం ఎన్నడూ అనలేదు. ఊ అంటే వింటున్నాను, ఇంకా చెప్పు అని. సెంటర్‌లో కథ చెప్పేది నేనైతే పిల్లలతో ఊ కొట్టించుకుంటాను, చెప్పేది పిల్ల అయినప్పుడు మాత్రం గుడ్ అని మూత పెడుతున్నాను. బుడ్డోడికి పొద్దున కావలసింది ఒక ఊ, దాని వెనక ఒక "అప్పుడేమైంది?", అంతే.

మెచ్చుకోవద్దని కాదు. మా దగ్గర కొందరు పిల్లలకు ఇంట్లో ఒక మంచి మాట కూడా పడదు, వాళ్ళకు ఆ వెరీ గుడ్ అన్నమంత అవసరమే. కాకపోతే ఏది బాగుందో చెప్పాలి. "ఎర్రవి ఒక దిక్కు, పచ్చవి ఒక దిక్కు పెట్టినవు" అంటే తను చేసిన పనికి పేరు దొరుకుతుంది, రేపు ఆ మాటే తన నోట వస్తుంది. తప్పు చేసినప్పుడూ అంతే, "కాదు" అని పక్క పిల్లను అడిగితే మొదటి పిల్ల దగ్గర ఏమీ మిగలదు.

తండా నుంచి వచ్చే చిట్టిది వేరే సంగతి. జూన్‌లో చేరింది, ఇంట్లో లంబాడీ భాషే. రెండు నెలలు నోరు తెరవలేదు, దాహం వేస్తే బిందె దగ్గర నిలబడి "పాణి" అనేది. మొదట్లో నేను "పాణి కాదమ్మా, నీళ్ళు అనాలె" అనేదాన్ని. అట్లా అన్నప్పుడల్లా ఆ పిల్ల తల దించుకునేది, తర్వాత పాణి అనటం కూడా మానేసి చేత్తో చూపించటం మొదలుపెట్టింది. నేర్పుదామని ఉన్న ఒక్క మాట కూడా పోగొట్టాను. ఆ తర్వాత శిక్షణలో ఇంటి భాష నుంచే మొదలుపెట్టాలని చెప్పారు, 2020 విద్యా విధానంలో కూడా అదే ఉంది, కాని నాకు అది ఎక్కింది ఆ పిల్ల దించుకున్న తలను చూసినందుకే. అప్పటి నుంచి "పాణి కావాల్నా చిట్టీ? ఇగో నీళ్ళు, చల్లటి నీళ్ళు, గ్లాసు నిండ పోస్తున్న" అని పోస్తూ మాట్లాడటం అలవాటు చేసుకున్నాను. నేను చేసే పనిని నేనే పైకి చెప్పటం, పిల్ల చేసే పనిని పిల్లకు వినిపించటం. కొత్తగా చూసేవాళ్ళకు టీచరు తనలో తాను మాట్లాడుకుంటున్నట్టు ఉంటుంది. చెల్లె బిడ్డ చెప్పింది, క్లాస్‌లో దీనికి కూడా మార్కులున్నాయట, లాంగ్వేజ్ మోడలింగ్ అంటారట. చంటిపిల్లకు నలుగు పెట్టి నీళ్ళు పోసే ముసలమ్మలు చేసేది అదే కదా, "ఇగో కాళ్ళు సాపుతున్న, ఇగో చెయ్యి రుద్దుతున్న" అని పిల్లకు అర్థమైనా కాకపోయినా చెబుతూనే ఉంటారు.

ఈరోజు చిట్టి నా దగ్గరికి వచ్చి "యాడి పత్తి" అంది. యాడి అంటే వాళ్ళ భాషలో అమ్మ. రెండు మాటలు కలిపి అనటం నేను విన్నది ఇదే మొదలు. "యాడి పత్తి ఏరనీకె పోయిందా?" అన్నాను. తల ఊపింది. నేను ఇంకేమీ అనకుండా ఆగాను. "పోయింది" అంది. "పొద్దుగాల్నే పోయిందా, చలిల పోయిందా?" అంటే కాసేపు నా ముఖం చూసి "చలిల పోయింది యాడి" అంది. మూడు మాటలు. లేచి ఆయమ్మకు పోయి చెప్పాను.

ఆ ఆగటం అన్నది చెప్పినంత సులువు కాదు. మేరీ బడ్ రో అనే ఆమె అమెరికాలో 1970లలోనే తరగతి గదుల మాటలు రికార్డు చేసి విని చెప్పింది, టీచర్లు ప్రశ్న అడిగాక ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారని, మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పొడుగవుతున్నాయని. మూడు సెకన్లు ఎంతని అనుకుంటాం గాని పదమూడు మంది పిల్లల మధ్య చాలా పొడుగు, ఒకడు లేస్తాడు, ఒకతి ఏడుస్తుంది, జవాబు నా నాలుక చివర ఉంటుంది. నేను చీర కొంగు మడత మీద వేలితో మూడు తట్టుకుంటున్నాను.

ఇక గుడ్డు ముచ్చట. దీని కోసమే రాయటం మొదలుపెట్టాను అసలు.

మధ్యాహ్నం అన్నం, పప్పు, గుడ్డు పెట్టాం. పెంకు పిల్లలే తీసుకుంటారు, వేళ్ళకు మంచి పని అని నేనే అలవాటు చేశాను. బుడ్డోడు పెంకు తీసి గుడ్డును తిప్పి తిప్పి చూసి లేచి నా దగ్గరికి వచ్చాడు.

"టీచర్, నా గుడ్డు ఎవలో కొరికిన్రు."

చూస్తే గుడ్డు వెడల్పు కొన దగ్గర సొట్ట. "ఏం కాదు, తిను" అనే మాట గొంతు దాకా వచ్చింది, పొద్దున కాగితం గుర్తొచ్చి మింగేశాను.

"కొరికిన్రా? ఎట్ల తెలిసింది నీకు?"

"గిక్కడ లేదు సూడు."

"ఔ, గిక్కడ సొట్ట పడ్డది. మరి కొరికితే పంటి గాట్లు ఉంటయి కద, ఉన్నయా?"

వేలు పెట్టి రుద్ది చూశాడు. "లెవ్వు. నున్నగున్నది."

ఇంతలో పక్క పిల్లలందరూ తమ గుడ్లు చూసుకోవటం మొదలుపెట్టారు. నాది గూడ కొరికిన్రు, నాది గూడ. ఒకడు ఆయమ్మే కొరికిందని తేల్చాడు. ఆయమ్మ గరిటె పట్టుకొని వచ్చి, "నేనెట్ల కొరుకుత బిడ్డా, పెంకు నీ చేతులతోటే తీస్తివి గద" అంది. నేను చెప్పినా అంత బాగా చెప్పి ఉండను. ఆ మాటనే అందుకొని అడిగాను, పెంకు పగలకుండా లోపటి గుడ్డును ఎట్లా కొరుకుతారు అని. కొంగు మీద మూడు తట్టాను. ఎవరూ మాట్లాడలేదు. ఇంకో మూడు తట్టాను. ఎనిమిది సెకన్లు అయి ఉంటుంది, నాకు టెన్షన్ మొదలైంది, అన్నం చల్లారుతోంది కూడా.

"లోపట్నే ఉన్నది సొట్ట" అంది వచ్చే ఏడు బడికి పోబోయే ఐదేళ్ళ పిల్ల.

"పెంకు తియ్యకముందు నుంచే లోపట సొట్ట ఉన్నదంటున్నవా? ఎందుకుంటది మరి?"

"కోడిపిల్ల తలకాయ పెట్టుకునే జాగ అది" అంది, ఏమాత్రం అనుమానం లేకుండా.

నాకు ఒళ్ళు జల్లుమంది. ఎందుకంటే అది చాలావరకు నిజం. కోడి గుడ్డు పెట్టినప్పుడు వెచ్చగా ఉంటుంది, చల్లారేకొద్దీ లోపలిది కొంచెం ముడుచుకుంటుంది, పెంకుకు ఉండే సన్నని రంధ్రాల నుంచి గాలి లోపలికి పోయి వెడల్పు కొన దగ్గర చేరుతుంది. ఉడికినప్పుడు తెల్లసొన ఆ గాలిని వదిలి గట్టిపడుతుంది, అదే సొట్ట. పొదిగిన గుడ్డులో అయితే పిల్ల పెంకు పగలగొట్టేముందు ముక్కుతో ఆ గాలి ఉన్న అరలోకే పొడిచి మొదటి ఊపిరి తీసుకుంటుంది. ఇదంతా ఒక్కసారే చెప్పేస్తే పిల్లలకు ఏమీ ఎక్కదని, "ఔ బిడ్డా, ఆ జాగల గాలి ఉంటది, కోడిపిల్ల బయటికొచ్చే ముందు ఆ గాలే పీల్చుకుంటది" అని అంతవరకే చెప్పాను. "గాలి పీల్చుకుంటదా?" అన్నాడు బుడ్డోడు, గుడ్డును ముక్కు దగ్గర పెట్టుకొని గట్టిగా పీల్చాడు. తర్వాత అందరూ పీల్చారు. అప్పుడు ఆయమ్మ, "ఉడకవెట్టేటప్పుడు గుడ్డుకెళ్ళి సన్నగ బుడగలొస్తయి టీచర్, నేను దినాం సూస్త, అది ఈ గాలేనా?" అని అడిగింది. అదే గాలి. వేడికి ఉబ్బి పెంకు రంధ్రాల నుంచి బయటికి వస్తుంది. ఇన్నేళ్ళు ఆమె రోజూ చూస్తూనే ఉంది, ఏం చూశావని నేను ఎన్నడూ అడగలేదు.

భోజనాలు అరగంట ఆలస్యమయ్యాయి. పద్యం చెప్పించాల్సిన వేళ పోయింది, పోనీ అనిపించింది.

సాయంత్రం బుడ్డోడిని తీసుకుపోవటానికి వాళ్ళ నాయనమ్మ వచ్చింది, కొంగులో పత్తి పీచు అంటుకొని ఉంది. వాడు చెప్పులు కూడా వేసుకోకుండా మొదలుపెట్టాడు. "నాయనమ్మా, గుడ్డు ఎవలు కొరకలే, లోపట గాలి ఉన్నది, కోడిపిల్ల ముక్కు పెట్టి పీల్సుకుంటది, ఆయమ్మ బుడగలు సూసింది." ఈ ఆరు నెలల్లో వాడి నోట అంత పొడుగు మాట నేను వినలేదు.

ఆ ముసలమ్మ బస్తా కింద పెట్టి వాడి ముందు కూర్చుంది. "ఊ" అంది. "మరి పెంకు మూసి ఉండంగ గాలి లోపటికి ఎట్ల పోయింది రా?"

వాడు నా వైపు చూశాడు. నేను మాట్లాడలేదు, కొంగు పట్టుకొని నిలబడ్డాను. చెప్పు ఒక కాలికి ఉంది, రెండోది చేతిలో ఉంది, వాడు ఆలోచిస్తున్నాడు.