మానేరు నీళ్ల మీద ఎరుపు, ఆకుపచ్చ

హన్మకొండలో ఆటోలకు, ట్రాక్టర్లకు వైరింగ్ చేసుకునే నాకు పడవ పని కూడా తగులుతుందని ఎన్నడూ అనుకోలేదు. మా బావ దుబాయ్‌లో పదకొండేళ్లు పడవల యార్డులో చేసి, వచ్చేటప్పుడు తెరచాప పిచ్చి కూడా వెంట తెచ్చుకున్నాడు. హైదరాబాద్‌లో ఎవరో అమ్ముతుంటే 18 అడుగుల పాత ఫైబర్ పడవ కొని, డీసీఎంలో వేసుకొచ్చి, తిమ్మాపూర్ వైపు మానేరు డ్యామ్ నీళ్లలో దించాడు. కార్తీకం మొదలైన వారంలో ఫోన్ చేశాడు. "బామ్మర్దీ, లైట్లు సరిగ్గ వెలుగుత లేవు, నువ్వొచ్చి జర చూడాలె."

ఆదివారం మధ్యాహ్నం బండి మీద బయల్దేరాను. ఎల్కతుర్తి దాటినప్పటి నుంచి రోడ్డు సగం వడ్లే, ఆరబోసిన కుప్పల పక్కనుంచి మెల్లగా పోవాల్సి వచ్చింది. హుజూరాబాద్‌లో చాయ్ తాగి, మానకొండూరు మీదుగా అల్గునూర్ చేరి, హైదరాబాద్ రోడ్డు పట్టేసరికి నాలుగైంది. నిండితే 24 టీఎంసీలు పట్టే డ్యామ్ అది. కట్ట ఎక్కి చూస్తే అవతలి ఒడ్డు సన్నని గీతలా ఉంది.

ముందు ఏ దీపం ఎందుకో చెప్పమన్నాను. ఎడమ పక్క ఎరుపు, కుడి పక్క ఆకుపచ్చ, వెనక తెలుపు. ఎరుపు, ఆకుపచ్చ ఒక్కోటీ ముక్కుసూటి నుంచి తన పక్కకు 112.5 డిగ్రీల మేర కనబడాలి, వెనకది 135 డిగ్రీలు. కలిపితే సరిగ్గా 360. అందుకే చీకట్లో ఏ రంగు కనిపిస్తుందో చూసి, పడవ ఎటు పోతోందో ఎదుటివాడు చెప్పేయగలడు. ఇవి 1972 నాటి అంతర్జాతీయ సముద్ర నియమాలు. ఏడు మీటర్లలోపు తెరచాప పడవకు దీపాలు పెట్టడం కుదరకపోతే టార్చ్ దగ్గర ఉంచుకున్నా సరిపోతుందట. "మనది ఐదున్నర మీటర్లే, కానీ చాప తాడు పట్టుకున్న చేతిల టార్చ్ ఎట్ల పడత? పొద్దుగూకినంక వలలేసే తెప్పలు ఇక్కడ్నే తిరుగుతయి" అన్నాడు బావ. ఆ మాటతో ఇది సోకు పని కాదని నాకు తెలిసింది.

వెనక దీపం బాగానే ఉంది. ఆకుపచ్చ ఆరిపోబోయే నిప్పుకణికలా ఉంది, ఎరుపు అసలు లేదు. రెండు బల్బులూ తీసి హోల్డర్లలో మీటర్ పెట్టాను. రెండు చోట్లా 12.6 ఓల్టులు. బ్యాటరీ దగ్గర కూడా అంతే. కరెంటు వస్తోంది కదా, బల్బులే పోయాయని ఆకుపచ్చలో కొత్త పది వాట్ల బల్బు వేశాను. అదీ అంతే మసకగా వెలిగింది. ఇక్కడే అరగంట పోయింది నాకు.

అప్పుడు సంచిలోంచి మా ఉస్తాద్ ఇచ్చిన టెస్ట్ ల్యాంప్ తీశాను. ఆటో ఇండికేటర్ బల్బు, 21 వాట్లది, దానికి రెండు వైర్లు, అంతే. మీటర్ దాదాపు కరెంటే లాగదు కాబట్టి తుప్పు పట్టిన జాయింటు వెనక కూడా నిండు ఓల్టేజీ చూపిస్తుంది, బల్బు మాత్రం రెండు ఆంపియర్లకు దగ్గరగా లాగుతుంది, జాయింటులో దమ్ము లేకపోతే అక్కడికక్కడే బయటపడుతుంది. హోల్డర్‌లో ప్లస్సుకు, మైనస్సుకు మధ్య పెడితే తీగ కాస్త ఎర్రబడింది. ప్లస్సు అలాగే ఉంచి, రెండో కొనను పొడవాటి వైరుతో నేరుగా బ్యాటరీ మైనస్సుకు కలిపితే భగ్గున వెలిగింది. అంటే ప్లస్సు మంచిదే, రోగం మైనస్సు దారిలో ఉంది. ఆకుపచ్చ బల్బు వెలుగుతుండగా దాని మైనస్సుకు, బ్యాటరీ మైనస్సుకు మధ్య మీటర్ పెట్టాను. సున్నాకు దగ్గరగా ఉండాల్సింది, 7 ఓల్టులు చూపించింది. పన్నెండున్నరలో ఏడు దారిలోనే పోతే బల్బుకు మిగిలేదెంత!

ఆటోలో అయితే బాడీయే ఎర్త్, అంటే మైనస్సు దారి, అనుమానం వస్తే ఛాసిస్‌కు ఒక వైరు తగిలిస్తే సరి. ఫైబర్ పడవలో ఆ సౌకర్యం లేదు, ప్రతి దీపం మైనస్సూ వైరు మీదే వెనక్కి రావాలి. ఆ వైరు పట్టుకుని వెనక్కి పోతే ముక్కు దగ్గరి పెట్టెలో, లంగరు తాడు కింద, టేపు చుట్టిన జాయింటు దొరికింది. విప్పితే ఆకుపచ్చ పొడి రాలింది. రాగి లోపలికి కూడా నల్లబడి ఉంది. మెరిసే రాగి వచ్చేదాకా కోస్తూ పోతే జానెడు వైరు తీసేయాల్సి వచ్చింది. నేను టంకం పెట్టబోతే బావ ఆపాడు. టంకం వేసిన చోట వైరు బిగుసుకుపోతుంది, పడవ ఊగి ఊగి దాని అంచు దగ్గరే తెగుతుందట. రెండు కొనలకూ కలిపి లోహపు స్లీవ్ వేసి గట్టిగా నొక్కి, పైన వేడికి ముడుచుకునే గొట్టం తొడిగాం.

ఆకుపచ్చ ధగధగా వెలిగింది. ఎరుపు రాలేదు. మళ్లీ మీటర్ పెట్టి ఈసారి నిదానంగా చూస్తే అంకె ముందు చిన్న మైనస్ గుర్తు ఉంది. మొదటిసారి కూడా ఉండే ఉంటుంది, 12.6 కనబడేసరికి దాని మీదికి నా చూపు పోలేదు. ఎరుపులో బావ ఎల్ఈడీ వేశాడు, హోల్డర్ వైర్లు తారుమారయ్యాయి. మామూలు బల్బుకు ఎటైనా ఒకటే, ఎల్ఈడీ తిరగేస్తే వెలగదు. వైర్లు మార్చాక వచ్చింది.

అప్పటికి బాగా చీకటి పడింది. బావ పడవ తీసుకుని లోపలికి పోయాడు, నేను ఒక జాలరి తెప్ప మీద కొంత దూరం వెళ్లి చూశాను. ముక్కు మా వైపు తిరిగినప్పుడు రెండు రంగులూ కనబడ్డాయి, పక్కకు తిరిగాక ఒక్క ఎరుపే, దాటిపోయాక ఒక్క తెలుపు. "మావైపు కొస్తున్నడా, పోతున్నడా ఇప్పుడు తెలుస్తాంది" అన్నాడు తెప్ప ఆయన, గెడ వేస్తూనే.

గంట తర్వాత పడవ ఒడ్డుకు రాగానే, దీపాలు ఆర్పకముందే, ముక్కు పెట్టెలో చెయ్యి పెట్టి ఆ జాయింటు పట్టుకుని చూశాను. ఇంకా రోగం ఉంటే వేడెక్కి ఉండేది. చల్లగా ఉంది.