జాబ్ నడుస్తది, లెక్క రాదు: ఫ్లింక్‌లో ముందు చూడాల్సినవి

వరంగల్ ఏనుమాముల మార్కెట్ యార్డులో ప్రతి కాంటా తూకం కాఫ్కాలోకి, అంటే మెసేజ్‌లను వరుసగా దాచే వ్యవస్థలోకి, వస్తోందనుకుందాం. మిర్చి, పత్తి, మక్కలు ఎన్ని క్వింటాళ్లు వచ్చాయో 15 నిమిషాలకోసారి ఫ్లింక్ (వచ్చే డేటాను వస్తుండగానే లెక్కకట్టే సాఫ్ట్‌వేర్) చెప్పాలి. జాబ్, అంటే ఫ్లింక్‌లో నడిచే మన ప్రోగ్రాం, పడిపోతే నయం, వెంటనే తెలుస్తుంది. డ్యాష్‌బోర్డు పచ్చగా ఉండి లెక్క రాకపోతేనే తలనొప్పి.

అప్పుడు ముందు వాటర్‌మార్క్ చూడండి, అంటే ఏ సమయం దాకా డేటా వచ్చేసిందో ఫ్లింక్ పెట్టుకునే గుర్తు. ఆపరేటర్ (జాబ్‌లో ఒక్కో పని చేసే భాగం) తనకొచ్చే దారుల్లో అన్నిటికన్నా వెనకున్న వాటర్‌మార్క్‌నే లెక్కలోకి తీసుకుంటుంది. కాఫ్కా డేటాను పంచి ఉంచే 12 పార్టిషన్లలో ఒక్కదానికి నెట్ పోయి డేటా ఆగినా విండో (ఆ 15 నిమిషాల లెక్క) మూతపడదు. సోర్స్‌కు (కాఫ్కా నుంచి చదివే భాగం) ఐడిల్‌నెస్, అంటే ఖాళీగా ఉందని తేల్చే గడువు, ఒక నిమిషం పెడితే ఆ పార్టిషన్‌ను పక్కనపెట్టి మిగతావి ముందుకు పోతాయి. నెట్ వచ్చాక ఆ కాంటా పంపే పాత తూకాలు మాత్రం ఆలస్యపు డేటా కింద పోతాయి. మామూలుగా ఫ్లింక్ వాటిని చడీచప్పుడు లేకుండా పారేస్తుంది. సైడ్ అవుట్‌పుట్ అనే పక్కదారిలోకి మళ్లించి విడిగా కలుపుకోవాలి.

సాయంత్రం కాంటాలన్నీ బంద్ అయ్యాక ఐడిల్‌నెస్ కూడా పనిచేయదు. వాటర్‌మార్క్‌ను జరిపేవాళ్లే ఉండరు కాబట్టి చివరి విండో మళ్లీ తూకాలు మొదలయ్యేదాకా తెరిచే ఉంటుంది. నిమిషానికో ఖాళీ మెసేజ్ పంపి, టైమ్‌స్టాంప్ పడ్డాక వడకట్టేయడం నాకు నచ్చిన మందు.

సరుకు పేరునే కీగా (డేటాను పంచే గుర్తుగా) పెట్టకండి. మిర్చి సీజన్లో భారమంతా ఒక్క సబ్‌టాస్క్ (ఆపరేటర్ పనిలో ఒక వాటా) మీద పడుతుంది, చెక్‌పాయింట్లు, అంటే జాబ్ స్థితిని అప్పుడప్పుడు దాచే కాపీలు, 10 నిమిషాల డిఫాల్ట్ గడువు దాటి ఫెయిలవుతాయి. మెషిన్లు పెంచితే బిల్లు పెరుగుతుంది గానీ పని జరగదు. ముందు సరుకు, కాంటా నంబరు కలిపి కూడి, ఆ మొత్తాలను మళ్లీ సరుకువారీగా కూడాలి. చెక్‌పాయింట్లు దాచే బకెట్ (క్లౌడ్ నిల్వ), జాబ్ నడిచే మెషిన్ల క్లస్టర్ ఉన్న రీజియన్లోనే ఉండాలి. అమెజాన్ క్లౌడ్ ఏడబ్ల్యూఎస్‌కు 2022 నుంచి హైదరాబాద్ రీజియన్ ఉంది. క్లస్టర్ అక్కడ, బకెట్ ముంబైలో పెడితే ట్రాన్స్‌ఫర్ ఖర్చు అదనం.

ఎగ్జాక్ట్లీ-వన్స్ (ప్రతి తూకం లెక్కలో ఒక్కసారే పడే పద్ధతి) పెట్టిన జాబ్ మొదట్లోనే పడిపోతే ట్రాన్సాక్షన్ టైమౌట్, అంటే రాత ఖరారయ్యేదాకా ఆగే గడువు, చూడండి. కాఫ్కాలోకి రాసే ఫ్లింక్ సింక్‌కు డిఫాల్ట్ 1 గంట, కాఫ్కా బ్రోకర్ (కాఫ్కా సర్వర్) డిఫాల్ట్‌గా ఒప్పుకునేది 15 నిమిషాలు. బ్రోకర్‌లోనే పెంచడం మేలు. సింక్‌లో తగ్గిస్తే, జాబ్ అంతకన్నా ఎక్కువసేపు ఆగినప్పుడు ట్రాన్సాక్షన్ రద్దయి డేటా పోతుంది. చదివే కన్స్యూమర్ రీడ్-కమిటెడ్‌లో (ఖరారైనవే చదివే సెట్టింగ్) లేకపోతే రద్దయిన తూకాలు కూడా కనబడతాయి.

మాక్స్ పారలలిజం (పనిని గరిష్ఠంగా ఎన్ని వాటాలుగా పంచవచ్చో) మొదటి రోజే ఖాయం చేయండి, తర్వాత మారిస్తే పాత సేవ్‌పాయింట్ (మనం కావాలని దాచుకున్న జాబ్ స్థితి) ఎక్కదు. ప్రతి ఆపరేటర్‌కూ యూఐడీ (మారని గుర్తింపు పేరు) కూడా అప్పుడే ఇవ్వాలి.