ఓడ దొరికిందంటే దేవుడు పంపినట్టేనా?

బెంగళూరులో మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు తెలుగు క్రైస్తవ కూడికల్లో సాక్ష్యాల సమయం (దేవుడు తమకు చేసిన మేలు చెప్పుకునే వేళ) వచ్చిందంటే సగం మాటలు ఉద్యోగాలు, వీసాలు, పెళ్లి సంబంధాల గురించే. "ఒక ఇంటర్వ్యూ పోయింది, అదే వారం ఇంకో ఆఫర్ వచ్చింది, దేవుడు తలుపు తెరిచాడు" అంటారు. దేవుడు చేయలేదని నేననను. అంత త్వరగా ఎలా తెలిసిపోయిందన్నదే నా అనుమానం.

బైబిల్లో యోనా ప్రవక్త యొప్పే రేవుకు వెళ్లేసరికి తర్షీషు వెళ్లే ఓడ సిద్ధంగా ఉంది. ఓడ ఛార్జీకి డబ్బూ ఉంది. మన లెక్కలో అది తెరిచిన తలుపే, కానీ అతను పారిపోతున్నది దేవుని దగ్గర నుంచే. దావీదును చంపాలని వెంటాడుతున్న సౌలు రాజు ఏన్గెదీ గుహలో చిక్కినప్పుడు దావీదు మనుషులు "దేవుడు చెప్పిన రోజు ఇదే" అన్నారు. దావీదు సౌలు బట్ట చెంగు మాత్రం కోశాడు, అంతమాత్రానికే మనసు నొచ్చుకుని ఆగిపోయాడు. కాబట్టి అన్నీ కుదిరాయా లేదా అన్నది తర్వాతి మాట. ఈ దారిలో వెళ్లాలంటే ముందే తెలిసిన ఆజ్ఞ ఏదైనా మీరాలా? రెజ్యూమేలో రెండేళ్ల ఫేక్ ఎక్స్‌పీరియన్స్ పెడితేనే వచ్చే ఆఫర్ గురించి ఉపవాసముండి దేవుని చిత్తం అడగాల్సిన పని లేదు.

దేవుడు కనబడకుండా పనిచేసే తీరు తెలియాలంటే ఎస్తేరు గ్రంథం పట్టుకోండి. హీబ్రూ మూలంలో ఆయన పేరు ఒక్కసారీ రాదు. ఉన్నవి 167 వచనాలే, ఒక్కసారి కూర్చుంటే అయిపోతుంది. పెన్సిలుతో తేదీల కింద గీత గీస్తూ చదవండి. యూదురాలైన ఎస్తేరు రాణి అయింది పారసీక రాజు అహష్వేరోషు ఏలుబడి 7వ ఏట. యూదుల మీద పగబట్టిన మంత్రి హామాను, వాళ్లను చంపే రోజు కోసం చీట్లు వేయించింది 12వ ఏట మొదటి నెలలో. చీటీ పడింది మాత్రం 12వ నెలకు. మొదటి నెల 13న యూదులను చంపమని తాకీదు వెళ్లింది, దానికి విరుగుడు తాకీదు మూడో నెల 23న గానీ రాలేదు. అది 127 సంస్థానాలకు గుర్రాల మీద చేరాలి. హామాను చీటీ రెండో నెలకు పడి ఉంటే, కథ అక్కడితో సరి.

ఇంకోటి చూడండి. ఎస్తేరును పెంచిన మొర్దెకై రాజు ప్రాణం కాపాడాడు, రాజ్య చరిత్ర పుస్తకంలో రాశారు, బహుమానం మరిచిపోయారు. అప్పుడే ఇచ్చేసి ఉంటే తర్వాత గుర్తు చేసుకోవడానికి ఏమీ మిగిలేది కాదు. ఎస్తేరు రాజుకూ హామానుకూ ఇచ్చిన మొదటి విందులో తన జనాన్ని కాపాడమన్న అసలు సంగతి అడగకుండా మర్నాటికి వాయిదా వేసింది. ఎందుకో వాక్యం చెప్పదు. (భయమే అయి ఉంటుందని నాకనిపిస్తుంది.) ఆ రాత్రే హామాను మొర్దెకై కోసం 50 మూరల ఉరికొయ్య నిలబెట్టించాడు, ఆ రాత్రే రాజుకు నిద్ర పట్టలేదు, చదివించుకున్న పుస్తకంలో మొర్దెకై పేరు వచ్చింది. ఇవన్నీ ఒకదానికొకటి అతికిన సంగతి ఆ రాత్రి ఎవరికీ తెలియదు. అంతకుముందు ఎస్తేరుతో మొర్దెకై కూడా ఇలాంటి సమయం కోసమే రాణివయ్యావేమో, ఎవరికి తెలుసు అన్నాడే తప్ప, ఖాయంగా చెప్పలేదు.

యోసేపును అన్నలు బానిసగా అమ్మేసింది అతని 17వ ఏట. "దేవుడే నన్ను ముందుగా పంపాడు" అని అన్నలతో అనగలిగింది సుమారు 22 ఏళ్ల తర్వాత. చెరసాలలో ఉన్నప్పుడు ఆ మాట అనలేదు. నా తప్పేమీ లేదు, నన్ను బయటపడేయించమని తనతోపాటు చెరలో ఉన్న పానదాయకుల అధిపతిని (రాజుకు ద్రాక్షారసం అందించే అధికారిని) అడిగాడంతే.

మనకైతే ఒక నోటుబుక్కు చాలు. ఎడమ పేజీలో తేదీ, అడిగిన ప్రార్థన, జరిగింది జరిగినట్టు. జరిగినదానికి అర్థం రాసుకునే కుడి పేజీ కనీసం ఆరు నెలలు ఖాళీగా వదిలేయండి. తేదీ తప్పనిసరి, ఎందుకంటే ఫలితం తెలిశాక మొదట ఏం అడిగామో కూడా మన జ్ఞాపకంలో మారిపోతుంది. రాని జవాబులూ రాయాలి. చాలామంది అక్కడే మానేస్తారు, దాంతో పుస్తకం నిండా విజయాలే మిగులుతాయి. డిసెంబరు 31 రాత్రి కూడికలో వచ్చిన వాగ్దాన కార్డునూ (కొత్త ఏడాదికని ఇచ్చే బైబిలు వచనం) ఎడమ పేజీలోనే అంటించండి, ఏడాదికి అర్థం ముందే చెప్పేసిన కాగితంలా చూడొద్దు.

కుడి పేజీ రాసేటప్పుడు జీతం పెరిగిందా అని వెతికితే పెద్దగా ఏమీ దొరకదు. గలతీ పత్రిక 5వ అధ్యాయంలోని ఆత్మ ఫలం (ప్రేమ, ఓర్పు లాంటి గుణాలు) దగ్గర పెట్టుకోండి: ఓర్పు పెరిగిందా, ఎప్పటి నుంచో మాటల్లేని తమ్ముడికి ఫోన్ చేశారా, మీకైన ఆలస్యం ఇంకెవరికైనా పనికొచ్చిందా. యోసేపు కూడా చివరికి చూపించింది తన పదవిని కాదు, కరువులో బతికిన ప్రాణాలను.

ఈ కుడి పేజీ మీ పుస్తకానికి మాత్రమే. యెరూషలేములో సిలోయము గోపురం పడి 18 మంది చనిపోతే, వాళ్లు అందరికంటే పాపులనుకుంటున్నారా అని యేసు ఎదురు ప్రశ్న వేశాడు, వాళ్ల చావుకు కారణం మాత్రం చెప్పలేదు. ఆసుపత్రికి పరామర్శకు వెళ్లి "దీని వెనక దేవుని ఉద్దేశం ఉందక్కా" అనడం మానేద్దాం. మందుల కౌంటర్ దగ్గర లైన్లో నిలబడండి, ఆ రాత్రికి తోడు పడుకోండి.

కూడిక నడిపే పాస్టర్ గారికి ఒక మనవి: నెలకో ఆదివారం పాత ప్రార్థన విన్నపాలు తీసి, "రెండేళ్ల కిందట దీని కోసం ప్రార్థించాం, ఏమైందమ్మా?" అని అడగండి. ఇంకా ఏమీ కాలేదనేవాళ్లకూ మైకు ఇవ్వండి.