మైపాడు దాకా, ఎవరికీ చెప్పకుండా

ఒక్కణ్ణే ఉండాలంటే నాకు చిరాకు. నెల్లూరు వేదాయపాళెంలో మా గదిలో నలుగురం. కాకుటూరులో మా యూనివర్సిటీ క్యాంపస్‌కి బస్సెక్కినా గుంపే, మెస్‌లో కూర్చున్నా గుంపే. అందరూ ఊళ్లకి పోయి గదిలో నేనొక్కణ్ణే మిగిలితే, పది నిమిషాలు తిరక్కముందే ఎవడో ఒకడికి ఫోన్ కొట్టేవాణ్ణి. ఇన్నాళ్లూ దానివల్ల వచ్చిన నష్టమేమీ లేదు. ఎమ్మెస్సీ మెరైన్ బయాలజీ రెండో ఏడాదికొచ్చాక ప్రాజెక్టు రిపోర్టు రాయాల్సి వచ్చింది. ల్యాబ్ పని నలుగురితో కలిసి చెయ్యొచ్చు గానీ, రాయడం మాత్రం ఒక్కడే కూర్చుని చేసుకోవాలి. అక్కడ దొరికిపోయాను.

సైకిల్ అలవాటు చేసింది మా రూమ్మేటు. వాడిది ఉదయగిరి వైపు. చదివేది నా సబ్జెక్టే అయినా ఊళ్ల చరిత్రంటే చెవి కోసుకుంటాడు. వాడికి గేర్ల సైకిల్ ఉంది, నాది మా చిన్నాన్న వాడేసి పక్కన పడేసిన మామూలు బండి. ఫిబ్రవరి ఆఖర్లో ఒక శని, ఆదివారాలకి ప్లాన్ వేశాం. శనివారం నరసింహకొండ, ఆదివారం మైపాడు బీచి.

శనివారం గురించి పెద్దగా చెప్పేదేం లేదు, ఎందుకంటే అది ఎప్పటిలాగే బ్రహ్మాండంగా గడిచింది. దారంతా వాడు మాట్లాడుతూనే ఉన్నాడు, నేను వాడి వెనక చక్రం చూస్తూ ఊ కొడుతూనే ఉన్నాను. కొండెక్కి పెన్నని చూశాం. ఎదురు ఒడ్డున జొన్నవాడ. ఈ ఏరు కర్ణాటకలో నంది కొండల్లో పుట్టి ఆరొందల కిలోమీటర్లు నడిచి మన ఊరికొస్తుందని, నెల్లూరు దగ్గర ఆనకట్ట తెల్లదొరల కాలంలో కట్టిందైతే ఇప్పుడున్న బ్యారేజీ 2022 సెప్టెంబరులో తెరిచారని చెప్పాడు. తిరిగొచ్చి కారం దోశలు తిన్నాం. వాడు మూడు తిన్నాడు.

ఆ సాయంత్రం వాళ్లింటి నుంచి ఫోన్. అక్కని చూసుకోవడానికి మర్నాడు పెళ్లివాళ్లు వస్తున్నారట. వాడు బ్యాగు సర్దుకుంటుంటే, "ఐతే మైపాడు వచ్చే వారం పోదాం లే మావా" అన్నాను.

"నువ్వు పోయిరా రేయ్. ఎండలు ముదిరితే ఆ రోడ్డు మీద తొక్కలేవు. నా సైకిల్ తీసుకో" అన్నాడు. తాళం చెవి మంచం మీద పడేసి బస్సుకి పోయాడు.

తెల్లవారుజామున లేచి, నెల్లూరు ఊళ్లోనే ఉన్న మైపాడు గేటు దాటేసరికి ఇంకా చీకటే. నెల్లూరు నుంచి మైపాడు సుమారు 25 కిలోమీటర్లు, ఎత్తుపల్లాలు లేని డెల్టా రోడ్డు, కాళ్లకి కష్టమేం లేదు. కష్టమంతా బుర్రలో మొదలైంది. మొదటి అరగంట ఎలా గడిచిందో చెప్తే నవ్వుతారు. నాకు ఏది కనిపించినా అది వెంటనే వాడికి చెప్పే మాటగా మారిపోయేది. కోతకొచ్చిన వరి మీద మంచు పట్టి ఉంటే, "రేయ్, ఇందుకూరుపేట దగ్గర చేలు చూడాలిరా నువ్వు" అని లోపల వాక్యం తయారు. ఎడగారుకి, అంటే రెండో పంటకి, నీళ్లిస్తారో లేదోనని టీ బంకు దగ్గర ఇద్దరు రైతులు మాట్లాడుకుంటుంటే, అదీ వాడి కోసం దాచుకున్నాను. బకింగ్‌హామ్ కాలువ మీదికి రాగానే వాడు ఎప్పుడో చెప్పిన ముక్క నోట్లోకొచ్చేసింది. పడవల్లో సరుకు మద్రాసు దాకా పోయేదని, 1870ల చివర్లో కరువు పనులప్పటి మద్రాసు గవర్నరు పేరు దీనికి పెట్టారని. వినడానికి పక్కన ఎవరూ లేరు. గొంతు సవరించుకుని మళ్లీ తొక్కాను.

అప్పుడు అర్థమైంది. నేను ఒక్కణ్ణే పోతున్నానన్న మాటేగానీ, వాణ్ణి వెనక క్యారియర్ మీద కూర్చోబెట్టుకునే పోతున్నాను. ఫోన్ కట్టేసి బ్యాగులో పెడితే ఒంటరితనం వచ్చేస్తుందని చెప్పేవాళ్లు ఈ సంగతి చెప్పరు. నా ఫోన్ కట్టేసే ఉంది.

రోడ్డుకి రెండు పక్కలా రొయ్యల గుంటలు మొదలయ్యాక కాస్త తేడా వచ్చింది, బహుశా అది నా చదువుకి సంబంధించిన చోటు కాబట్టి. చీకట్లో నీటిలోకి గాలి కలిపే ఏరియేటర్లన్నీ ఒకేసారి తిరుగుతున్నాయి. పగలు నీటిలోని నాచు ఎండకి ఆక్సిజన్ తయారుచేస్తుంది. రాత్రి అదే నాచు, రొయ్యలతో పాటు ఆక్సిజన్‌ని వాడుకుంటుంది. అందుకే తెల్లారబోయే ముందు నీటిలో ఆక్సిజన్ అన్నిటికన్నా తక్కువ. రొయ్యలు పైకి తేలిపోయేది ఆ గంటలోనే. ఇది పరీక్షలో ఎన్నిసార్లు రాశానో! గట్టు మీద సైకిల్ ఆపి, ఆ చప్పుడు మధ్య నిలబడితే మాత్రం అదే మొదటిసారి విన్నట్టుంది.

ఒక పెద్దాయన టార్చి పట్టుకుని వచ్చాడు. "ఏంది అబ్బయ్యా, ఒక్కడివే వచ్చినావా?"

"ఔ పెద్దాయనా, మైపాడు పోతా ఉండా."

"పో, పో. తెల్లారినాక కుక్కలు పడుకుంటాయిలే" అని చెక్‌ట్రే పైకి లాగి మేత ఎంత మిగిలిందో చూసుకున్నాడు. ఒక్కడివే ఎందుకు, ఏమైంది అని గుచ్చి అడగలేదు. రాత్రంతా ఆ గట్టు మీద ఒక్కడే ఉండే మనిషికి అందులో వింతేముంది. ఇప్పుడు పెంచే వెనామీ రొయ్య రాకముందు, టైగర్ రొయ్య రోజుల నుంచీ కాపలా ఉన్నానన్నాడు. నాకు అడగాలనిపించిన ప్రశ్నలు చాలా ఉన్నాయి. అడగలేదు. ఇద్దరం నీళ్లకేసి చూస్తూ కొంచెంసేపు నిలబడ్డాం, తర్వాత ఆయన ఇంకో గుంట దగ్గరికి పోయాడు.

మైపాడు చేరేసరికి బోట్లు ఒడ్డుకి లాగి ఉన్నాయి, వలల్లోంచి చేపలు ఏరుతున్నారు. సముద్రంలోకి దిగలేదు. అక్కడ అలలు లాగేస్తాయి, ఒక్కడే పోయినప్పుడు మోకాలి లోతు దాటకూడదని మా అమ్మకి మాటిచ్చి ఉన్నాను. అసలు పరీక్ష సముద్రం దగ్గర కాదు, టిఫిన్ బండి దగ్గర ఎదురైంది. నాలుగు ఇడ్లీలు, ఎర్రకారం. చేతిలో ఫోన్ లేకుండా, ఎదురుగా మనిషి లేకుండా ఎప్పుడైనా తిన్నానా అంటే గుర్తు రాలేదు. కళ్లు ఎక్కడ పెట్టుకోవాలో తెలీదు. అందరూ నన్నే చూస్తున్నారనిపించింది. నిజానికి ఎవరూ చూడలేదు, బండామె కూడా నా ప్లేటుకేసి చూసిందే తప్ప నాకేసి చూడలేదు. రెండో ఇడ్లీకి అది తగ్గింది. మూడోదానికి కారం ఎంత బాగుందో తెలిసింది. ఇంకో రెండు పెట్టించుకున్నాను.

తర్వాత ఇసకలో కూర్చున్నాను. అప్పుడొకటి చూశాను. వింతేం కాదు, చిన్న విషయమే. చూసి లేచాక, సైకిల్ దగ్గరికి నడుస్తుంటే తట్టింది: దాన్ని వాడికి ఎలా చెప్పాలో నేను ఒక్క మాట కూడా కూర్చుకోలేదు. అందుకే దాన్ని ఇక్కడ కూడా రాయడం లేదు, ఏమనుకోకండి.

తిరుగు ప్రయాణానికి ఒక మాట చెప్పాలి, ఎవరైనా ఆ రోడ్డు మీద తొక్కాలనుకుంటే పనికొస్తుంది. తెల్లవారుజామున గాలి నేల మీద నుంచి సముద్రం వైపు వీస్తుంది, పోయేటప్పుడు మనకి సాయం. పొద్దెక్కి నేల కాగాక సముద్రపు గాలి లేస్తుంది, వచ్చేటప్పుడు వీపు మీద తోస్తుంది. కాబట్టి అక్కడ తొందరపడి లేచి రావద్దు. పది దాటనివ్వండి. ఏప్రిల్, మేలో మాత్రం పడమటి వడగాలి ఈ లెక్కంతా చెడగొడుతుంది, అప్పుడు పోకండి.

గదికొచ్చి స్నానం చేసి, మధ్యాహ్నం ప్రాజెక్టు తెరిచాను. అద్భుతమేమీ జరగలేదు. ఒకటిన్నర పేజీ రాశాను, అందులో అర పేజీ సోమవారం కొట్టేశాను. కానీ ఫోన్ తియ్యకుండా చీకటి పడేదాకా కూర్చోగలిగాను. గది ఖాళీగా ఉందన్న సంగతి మధ్యలో మర్చిపోయాను.

మా వాడు సోమవారం పొద్దున వచ్చాడు. పెళ్లివాళ్లకి అక్క నచ్చింది గానీ అక్కకి వాళ్లు నచ్చలేదట, ఆ గొడవంతా చెప్పి, "నీ మైపాడు ఎట్టుంది?" అన్నాడు.

"బాగుంది."

"అంతేనా?" అని నా మొహంలోకి అనుమానంగా చూశాడు. మామూలుగా ఐతే గంట చెప్పేవాణ్ణి. పెద్దాయన సంగతి, ఏరియేటర్ల సంగతి చెప్పాను. ఇంకేం చెప్పలేదు.

వచ్చే ఆదివారం ఇద్దరం మైపాడు పోదామన్నాడు. శనివారం జొన్నవాడకైనా ఇంకెంత దూరమైనా నీతో వస్తా, ఆదివారం మాత్రం నేనొక్కణ్ణే పోతానన్నాను. వాడు కాసేపు మొహం మాడ్చుకున్నాడు. తర్వాత, సైకిల్ తనది కాబట్టి ఆదివారాలకి అద్దె కట్టమన్నాడు. డబ్బులొద్దట, వాడి ప్రాక్టికల్ రికార్డులో బొమ్మలన్నీ నన్ను వేసిపెట్టమన్నాడు. రొయ్య బొమ్మలో కాళ్లు సరిగ్గా రావడం లేదు గానీ, బేరం మాత్రం కుదిరింది.