బుడిపెల వెంట ఏటికొప్పాక దాకా

విశాఖపట్నంలో పాత చింతచెట్ల మొదళ్లను దగ్గరగా చూసినవారికి వాటి మీద ఉబ్బెత్తుగా పెరిగిన బుడిపెలు తెలిసే ఉంటాయి. అటువంటి చెక్కను బొమ్మలు చేసేవారు ఎలా చూస్తారో తెలుసుకోవాలని అనకాపల్లి, యలమంచిలి మీదుగా వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకకు వెళ్లాను.

అక్కడ లేత్ (కర్రను గిరగిరా తిప్పే యంత్రం) మీద తిరిగేది తెల్లగా, మెత్తగా ఉండే అంకుడు కర్ర. తిరుగుతున్న బొమ్మకు లక్క కడ్డీని ఆనిస్తే రాపిడి వేడికే లక్క కరిగి అంటుకుంటుంది; ఆపైన మొగలి ఆకుతో రుద్దితే నిగనిగలాడుతుంది. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈ కళలో అందమంతా రంగులది కనుక కర్ర సాదాగా, ముడి లేకుండా ఉండాలి. ముడి ఉన్న ముక్కను పక్కన పడేస్తున్న ఒక పెద్దాయనను కారణం అడిగాను.

"ముడి కాడ ఉలి ఎగిరిపోద్ది బాబూ, లక్క కూడా సమంగా పట్టదు" అన్నారాయన.

బుడిపె నిండా అటువంటి ముడులే. దెబ్బ తగిలినప్పుడో, పురుగో శిలీంధ్రమో సోకినప్పుడో చెట్టు ఆ చోట అడ్డదిడ్డంగా పెరుగుతుంది. చాలా బుడిపెల్లో చిగురించని మొగ్గలు గుంపుగా నిలిచిపోయి, వాటి చుట్టూ చెక్క పోగు నిలువుగా సాగక సుడులు తిరుగుతుంది. కోసి నునుపు చేస్తే ఆ మొగ్గలే చిన్న చిన్న కళ్లలా బయటపడతాయి. దీనికి రంగు వేయడం అన్యాయమని నా అభిప్రాయం; కాస్త నూనె పూస్తే చాలు. వాల్‌నట్ బుడిపెల పలుచని పొరలు ఖరీదైన కార్ల డ్యాష్‌బోర్డులను అలంకరిస్తాయి. మొరాకోలో తుయా చెట్టు మొదట్లో, నేల లోపల పెరిగే బుడిపెలతో పెట్టెలు చేస్తారు. ఆగ్నేయాసియాలో పేరుపడ్డ అంబోయ్నా బుడిపె చెక్క మన ఎర్రచందనం, వేగిసలకు దగ్గరి బంధువైన చెట్టుది.

ఈ మోజుకు బతికున్న చెట్లు బలికాకూడదు. కాలిఫోర్నియాలో రెడ్‌వుడ్ బుడిపెలను దొంగలు కోసుకుపోతుంటే 2014లో అక్కడి పార్కులో ఒక రహదారిని రాత్రిపూట మూసివేయవలసి వచ్చింది. బుడిపెను కోస్తే మానుకు పెద్ద గాయమవుతుంది, రెడ్‌వుడ్‌కైతే కొత్త మొలకలు వేసే మొగ్గలూ పోతాయి. అదే ఏడాది అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖలో లెక్కలేనన్ని చెట్లను కూల్చింది. అలా కూలినవాటి మొదళ్లను వంటచెరకుగా నరికే ముందు బుడిపెలున్నాయేమో చూడాలని నా మనవి.

కూలిన చింతమాను బుడిపె తెస్తే లేత్ మీద పెడతారా అని పెద్దాయనను అడిగాను. పచ్చిది ఆరేటప్పుడు పగులుతుందనీ, కోసిన ముఖాలకు మైనం పూసి నీడలో నెలల తరబడి ఆరనివ్వాలనీ, ఆ తరువాత పదునైన ఉలితో పలుచగా తీసుకుంటూ పోవచ్చనీ చెప్పారు.