తొలిపావంచా దగ్గర నాలుగింటికి

సింహాచలం గిరిప్రదక్షిణ అంటే అందరికీ 32 కిలోమీటర్ల నడక. ఉక్కు ఫ్యాక్టరీలో పనిచేసే మాకు మాత్రం అది పొద్దుటి ఎ షిఫ్టు దిగాక ఎక్కే ఇంకో షిఫ్టు.

ఆషాఢ చతుర్దశి ఎప్పుడొస్తుందో చూసుకుని ఆ వారం డ్యూటీలు ముందే సర్దుకునేవాళ్ళం. మధ్యాహ్నం రెండింటికి దిగి, ఒళ్ళు కడుక్కుని, భుజాన తువ్వాలేసుకుని కూర్మన్నపాలెంలో ఎవరికి దొరికిన బస్సు వాళ్ళు ఎక్కేవాళ్ళం. మాట ఒక్కటే: తొలిపావంచా దగ్గర నాలుగింటికి. కొండ మెట్లలో మొదటిది అది, నడక మొదలయ్యేదీ అక్కడే. ఫోన్లు లేని రోజులు. ఆ జనసముద్రంలో పన్నెండేళ్ళపాటు ఆరుగురిలో ఒక్కడు తప్పిపోలేదు. అందరి జేబుల్లోకీ సెల్‌ఫోన్లు వచ్చాకే తప్పిపోయాం.

నేను విశాఖ ఉక్కులో కోక్ ఓవెన్స్ మనిషిని. 1985లో చేరాను, 2019లో దిగాను. కోక్ ఓవెన్స్ అంటే తెలియనివాళ్ళకి ఒక్క ముక్క. ఏడు మీటర్ల ఎత్తుండే పొయ్యిలు, వరసకి అరవై ఏడు. ఆ వరసని బ్యాటరీ అంటాం. ఒక్కో పొయ్యిలో ముప్ఫై టన్నులకు పైగా బొగ్గు పోసి, గాలి తగలకుండా మూసి, వెయ్యి డిగ్రీలకు పైన గంటలకొద్దీ ఉడికిస్తే కోక్ అవుతుంది. దాన్ని పుషర్ కారు వెనకనుంచి తోస్తే అవతలివైపు ఎర్రగా గోడ కూలినట్టు పడుతుంది. బ్యాటరీ పైన డ్యూటీ పడితే బూట్ల కింద చెక్క చెప్పులు కట్టుకుని నడవాలి. అలాంటి చోట ముప్ఫై ఏళ్ళు నడిచినవాళ్ళకి జులై నెల తారురోడ్డు ఏపాటి!

పేర్లు రాయను, కొందరికి నచ్చదు. ఎలాగూ మేము ఒకరినొకరు పేర్లతో పిలుచుకున్నది తక్కువే. పుషర్ నడిపేవాడు విజయనగరం వైపు మనిషి, పుషర్ బావ. లాగ్ బుక్ రాసేవాడు, డీఏ పెరిగితే కాగితం లేకుండానే ఎవరికెంతొస్తుందో చెప్పేసేవాడు, లెక్కల మాస్టారు. మా ఫోర్‌మన్ పెద్దాయన. ఇంకొకాయనకి పేరే కొబ్బరికాయ, ఎందుకంటే తొలిపావంచా దగ్గర కొట్టాల్సిన ఆరు కాయలూ తెచ్చే పూచీ ఆయనది. ఆరోవాడు ఇప్పుడు డాలస్‌లో మనవల్ని ఆడిస్తున్నాడు.

పౌర్ణమికి స్వామికి ఆఖరి విడత చందనం సమర్పిస్తారు. అక్షయ తృతీయనాడు నిజరూపం చూపించిన అప్పన్న, మూడేసి మణుగుల చొప్పున నాలుగు విడతల్లో మళ్ళీ చందనం నిండా కప్పుకుని నిత్యరూపంలోకి వెళ్ళిపోతాడు. పుషర్ బావ ఏటేటా ఇదే జోకు వేసేవాడు. "మనదీ అంతే గురూ. నాలుగు విడతలు సబ్బు రాస్తే గానీ నిజరూపం బయటపడదు."

ఈ జోకు నేను ఆరేళ్ళు వినలేదు.

క్వార్టర్లో ఉన్నన్నాళ్ళు మా స్నేహం మా గొప్పే అనుకున్నాం. ఆ గొప్పంతా షిఫ్టు బస్సుదని క్వార్టరు ఖాళీ చేశాక తెలిసింది. ఉక్కునగరంలో ఉన్నప్పుడు ఎవరినీ "కలుద్దామా" అని అడగాల్సిన పని లేదు. బస్సులో పక్క సీట్లో ఉంటాడు, లేదంటే రైతుబజార్లో వంకాయలు ఏరుతూ కనబడతాడు. రిటైరయ్యాక ఒకడు గాజువాక, ఒకడు పెందుర్తి, ఒకడు సొంతూరు. కలవాలంటే ఎవడో ఒకడు ఫోన్ ఎత్తాలి. ఆ ఎవడో నేనే కావచ్చన్న ఆలోచన మాత్రం రాలేదు. మొదట్లో వాట్సాప్ గ్రూపు ఒకటి పెట్టారు. పొద్దున్నే గులాబీలు, పండగలకి దీపాలు. తర్వాత్తర్వాత దండ వేసిన ఫోటోలు. 2021 మేలో కొబ్బరికాయ ఫోటో వచ్చింది. కింద నలభై మంది చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. నేనూ పెట్టాను. పెట్టి, కూరలో ఉప్పు సరిపోయిందా అని ఇంట్లో అడుగుతుంటే జవాబు చెప్పాను. ఇప్పటికీ ఆ బొమ్మ గుర్తొస్తే నా వేలి మీద నాకే కోపమొస్తుంది.

మొన్న జూన్లో ఆసుపత్రి మందుల కౌంటర్ దగ్గర లైన్లో ఉన్నాను. నా ముందాయన వెనక్కి తిరిగి కళ్ళజోడు పైకెత్తి చూశాడు. నేనూ చూశాను. ఇద్దరం మర్యాదగా చూపు తిప్పేసుకున్నాం. ఆ తర్వాత ఆయన తన మందుల బిల్లు కూడి, పది రూపాయలు ఎక్కువేశారని కౌంటర్లో అమ్మాయితో అన్నాడు. అప్పుడు తెలిసింది, లెక్కల మాస్టారని! ముప్ఫై నాలుగేళ్ళు కలిసి పనిచేసిన మనిషిని మొహం చూసి పోల్చుకోలేకపోయాను, కూడికను బట్టి పోల్చుకున్నాను.

బయట టీ తాగుతూ ఆయనే తేల్చాడు. "జులై 9 చతుర్దశి. నాలుగింటికి."

పుషర్ బావ నంబరు ఆయన దగ్గర ఉంది. పెద్దాయనది ఇద్దరి దగ్గరా ఉంది గానీ ఆ నంబరు ఇప్పుడు వాడుకలో లేదంటోంది. మా పాత జేబు డైరీ వెతికాను. అందులో అందరి నంబర్లూ ఉన్నాయి, అన్నీ ప్లాంటు లోపలి ఇంటర్‌కమ్ నంబర్లే.

తొలిపావంచా దగ్గరికి నేను మూడున్నరకే చేరాను. కొబ్బరికాయల గుట్ట అప్పటికే మోకాలెత్తు ఉంది, నీళ్ళు కాలవగా పారుతున్నాయి. పగిలిన చిప్పలు కాళ్ళకి గుచ్చుకోకుండా వాలంటీర్లు పారలతో తోస్తున్నారు. సరిగ్గా నాలుగింటికి మాస్టారు వచ్చాడు. నాలుగూ పదికి పుషర్ బావ. వస్తూనే, "ఏటి గురూ, అలా ముసిలోడివైపోనావు!" అన్నాడు. ఆయనకి కింది వరసలో రెండు పళ్ళు లేవు. కాయలు ఎవరూ తేలేదు. ముగ్గురం ఒకళ్ళ చేతులు ఒకళ్ళు చూసుకున్నాం. మాస్టారు వెళ్ళి కొనుక్కొచ్చాడు, నాలుగు. నాలుగోది ఎవరిదని అడగలేదు. పుషర్ బావ దాన్ని కొట్టి, "గోవిందా" అని గొంతెత్తి అరిచాడు.

అడవివరం, ముడసర్లోవ. రిజర్వాయరు నీళ్ళమీద తేలే సోలార్ పలకలు చూసి బావ ఆగిపోయాడు. మేము నడిచే రోజుల్లో అవి లేవు. హనుమంతవాక దగ్గర హైవే దాటి విశాలాక్షినగర్ మీదుగా జోడుగుళ్ళపాలెం చేరేసరికి చీకటి పడింది. సముద్రస్నానం అక్కడే. పోలీసులు, గజ ఈతగాళ్ళు, మైకులో "లోపలికి వెళ్ళకండి" అని ఆపకుండా హెచ్చరికలు. ముగ్గురం చేతులు పట్టుకుని మోకాళ్ళలోతు నీళ్ళలో నిలబడి నెత్తిన చల్లుకున్నాం. ఒకప్పుడు మునిగేవాళ్ళం. ఇప్పుడు ఒకాయనకి స్టెంటు, ఒకాయనకి షుగరు, నాకు మోకాలు.

అప్పూఘర్ నుంచి ఎంవీపీ కాలనీ, వెంకోజీపాలెం, ఇసుకతోట దాకా దారి పొడవునా పందిళ్ళే. మజ్జిగ, పులిహోర, బిస్కట్లు, కాళ్ళకి నొప్పి స్ప్రే కొట్టేవాళ్ళు. ఈ ఊరికి ఆ ఒక్క రాత్రి నిద్ర ఉండదు, ఎవరికీ దాని మీద ఫిర్యాదూ ఉండదు. తాగి పారేసిన గ్లాసులు తడి అరికాళ్ళకి అతుక్కుని నాలుగడుగులు మనతోనే వస్తాయి. మేము పెద్దగా మాట్లాడుకోలేదు. షిఫ్టు బస్సులోనూ అంతే. ఎవరైనా కదిపితే మాట, లేకపోతే కునుకు. ఆరేళ్ళ కబుర్లన్నీ పోగుపడి ఉంటాయనుకున్నాను. తీరా కలిస్తే, "మందులేసుకున్నావా" అని ఒకసారి, "అరటిపండు తిను" అని ఒకసారి.

అర్ధరాత్రి దాటి ఒంటిగంటకి మాధవధార. పెద్దాయన ఇల్లు అక్కడే, రోడ్డు మీద నుంచి రెండో సందు. ఏటా ఆ వేళకి ఆయన భార్య, మా అందరికీ అక్కయ్యగారు, వరండాలో లైటు వేసి కూర్చునేవారు. ఇత్తడి గిన్నెలో పెరుగన్నం, అల్లం ముక్కలు, వేయించిన ఊరమిరపకాయలు. పెద్దాయన కూడా మాతోపాటు నడిచొచ్చి సొంత ఇంటి మెట్ల మీద అతిథిలా కూర్చుని చెయ్యి చాపేవాడు. ఆ పెరుగన్నం తిన్నాక మళ్ళీ లేవబుద్ధి కాదు. ఒకసారి పెద్దాయన, "మీరు పదండి, వెనకే వస్తాను" అని ఆగిపోయి, గోపాలపట్నం దగ్గర మమ్మల్ని కలిశాడు. కలిసి కాసేపటికి మళ్ళీ మాయం. తీరా మేము కొండ కిందికి చేరేసరికి మాకన్నా ముందే నిలబడి ఉన్నాడు, చొక్కా మీద చెమట చుక్క లేకుండా. ఆటో ఎక్కాడని తేలింది. ఆ ఒక్క ఆటో గురించి రిటైరయ్యేదాకా ఆయన్ని వదల్లేదు. పొయ్యి తలుపు ఇరుక్కుంటే కూడా, "ఆటో పిలవమంటారా సార్" అనేవాళ్ళం.

సందులోకి తిరిగాం. ఆ ఇల్లు లేదు. ఐదంతస్తుల అపార్టుమెంటు ఉంది. కింద ఇస్త్రీ బండి దగ్గర ఒకాయన డ్రమ్ములో మజ్జిగ కలుపుతున్నాడు. అడిగాం.

"పాత ఇంటి సారేనా? అమ్మగారు పోయి మూడేళ్ళవుతోంది కదా బాబూ. ఆ తర్వాత ఇల్లు డెవలప్‌మెంట్‌కి ఇచ్చేసి హైదరాబాద్ కూతురు దగ్గరికెళ్ళిపోనారు."

పుషర్ బావ అక్కడే అరుగు మీద కూలబడ్డాడు. మాస్టారు ఏదో లెక్కపెడుతున్నట్టు వేళ్ళు కదిపాడు గానీ మాట రాలేదు. నాకు ఊరమిరపకాయల వాసన వచ్చింది, నిజంగానే వచ్చింది, ఎవరింట్లోంచో ఏమో. ఇస్త్రీ ఆయన మాకు మజ్జిగ ఇచ్చాడు. ఇచ్చాక, బండి చెక్క మీద బాల్‌పెన్నుతో రాసుకున్న నంబర్ల మీద సెల్ వెలుగు వేసి, ఒకటి చూపించాడు. బొగ్గు మసికి చివరి అంకె సగం చెరిగిపోయింది. ఏడో, ఒకటో. మాస్టారు రెండూ రాసుకున్నాడు.

అక్కడి నుంచి ఎన్ఏడీ, గోపాలపట్నం మీదుగా కొండ కిందికి. ఆ ముక్క గురించి పెద్దగా చెప్పడానికేం లేదు. తెల్లారకముందే ముగ్గురం తొలిపావంచా దగ్గర ఉన్నాం. స్నానం చేసి, బస్సులో పైకి వెళ్ళి, నాలుగు గంటల లైను తర్వాత దర్శనం. కౌగిలించుకుని అడిగితే కోరిక తీరుతుందని నమ్మే కప్పస్తంభం దగ్గర జనం తోసుకుంటుంటే బావ మాత్రం దూరంనుంచే దణ్ణం పెట్టుకున్నాడు. "అడగడానికేటుంది గురూ, రప్పించేశాడు కదా" అన్నాడు.

మూడో రోజు, కాళ్ళ వాపు తగ్గాక ఫోన్ చేశాను. ఏడు ఎవరో నర్సరీ వాళ్ళది. ఒకటికి కొట్టాను. చాలాసేపు మోగింది.

"ఎవరండీ?"

పేరు చెప్పాను. ఆ పేరుతో ప్లాంటులో వందమంది ఉన్నారు. ఆయన మాట్లాడలేదు. "కోక్ ఓవెన్స్ అండీ. బ్యాటరీ మీద..." అన్నాను.

"ఏరా!" అన్నాడు. గొంతు సన్నబడింది, ఆ విరుపు మాత్రం అదే. "మీ అక్కయ్య పోయింది, తెలుసా?"

"మొన్ననే తెలిసిందండీ. ఇంటికెళ్ళాం." ఇంకేదో అనాలి, ఆరేళ్ళకి సరిపడా. నోట్లోంచి ఏమీ రాలేదు. ఆయనే అందుకున్నాడు.

"చతుర్దశినాడు నడిచారా?"

"నడిచామండీ. ముగ్గురం."

"మరి ఈసారి ఆటో ఎవడెక్కాడు?"

నేను గుటక మింగాను. ఆ సంగతి బావా, మాస్టారూ ఎవరికీ చెప్పబోమని ఒట్టేశారు.

"నేనేనండీ."

"ఎక్కడ?"

"ఎన్ఏడీ దగ్గర."

కాసేపు ఏమీ వినబడలేదు. తర్వాత నవ్వు మొదలైంది, దగ్గొచ్చేదాకా ఆగలేదు. "నయంరా. నేను గోపాలపట్నం దాకా నడిచాను."