నారింజ తొక్కల రెసిన్: రాగి ఎటు పోయింది?

లోహపు పూత (ప్లేటింగ్) పనిలో మిగిలే నీళ్ల నుంచి రాగిని లాగేందుకు నారింజ తొక్కల పొడితో రెసిన్, అంటే నీళ్లలోని లోహాన్ని పట్టుకునే పదార్థం, చేస్తున్నాను. ముందు పోయిన వారం పొరపాటు సరిచేసుకోవాలి. పొడి వేశాక రాగి నీళ్లలో నీలం పది నిమిషాల్లో మాయమైందని తెగ సంబరపడ్డాను కదా, అది రెసిన్ గొప్పతనం కాదు. సీసా కదపకుండా పెట్టి మర్నాడు చూస్తే అడుగున లేత నీలం మడ్డి. రాగి హైడ్రాక్సైడ్! పొడిలో కాస్టిక్ సోడా మిగిలిపోయి పీహెచ్ 8 దాటింది, దాంతో రాగి తనంతట తనే పేరుకుపోయింది.

పొడి తయారీ పద్ధతి మార్చలేదు. ఎండిన తొక్కల పొడిని రంగు దిగేదాకా వేడినీళ్లతో కడిగి, లీటరుకు 4 గ్రాముల కాస్టిక్ సోడా కలిపిన నీళ్లలో రెండు గంటలు ఉంచాను. తొక్కలోని పెక్టిన్ అనే జిగురు పదార్థంలో మూసుకుపోయి ఉన్న ఆమ్ల సమూహాలు దీనితో తెరుచుకుంటాయి, రాగిని పట్టేవి అవే. తర్వాత కాల్షియం క్లోరైడ్‌లో రాత్రంతా నానబెట్టాను. కాల్షియం లేకపోతే పెక్టిన్ జిగురై నీళ్లలో కలిసిపోతుంది. ఈసారి కడగడం మాత్రం ఆపలేదు. తొమ్మిది సార్లు నీళ్లు మార్చాక గానీ పీహెచ్ 6కి దిగలేదు, చేతులు పడిపోయాయి.

ప్లేటింగ్ నీళ్లకు నమూనాగా లీటరులో 393 మి.గ్రా. మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) కరిగించాను, అంటే రాగి 100 మి.గ్రా. (అసలు ప్లేటింగ్ నీళ్లు ఇంత అమాయకంగా ఉండవనుకోండి.) అందులో 100 మి.లీ.కి గ్రాము పొడి వేసి, పలచటి ఆమ్లం చుక్కలతో పీహెచ్ 5 దగ్గర నిలిపాను. అంతకన్నా బాగా తగ్గిస్తే హైడ్రోజన్ అయాన్లే చోటు ఆక్రమిస్తాయి, పెంచితే మళ్లీ మడ్డి.

రెండు గంటలకు వడకట్టి, రాగి మిగిలితే ముదురు నీలంగా చూపించే అమోనియా కలిపాను. పరీక్షనాళికను తెల్లకాగితం మీద నిలబెట్టి పైనుంచి చూస్తే ముదురు నీలం బదులు వెలిసిన చొక్కా రంగు. పక్కన పెట్టుకున్న, లీటరుకు 25, 10 మి.గ్రా. రాగి ఉన్న నమూనాల మధ్యలో ఉంది. కంటి లెక్కే అయినా, గ్రాము పొడి సుమారు 8 మి.గ్రా. పట్టినట్టు. మడ్డి లేదు, పొడి మాత్రం ఆకుపచ్చగా మారింది.

పలచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో వేస్తే రాగి వదిలేసింది. కానీ కాల్షియం కూడా పోయింది, రెండో విడతలో పట్టు సగమే. కాల్షియం మళ్లీ ఎక్కాలని ఇప్పుడు సున్నపు తేటలో నానబెట్టాను, మళ్లీ ఆ కడుగుడు తప్పదు. రాగి నీళ్లు సింకులో పోయడం లేదు, వాషింగ్ సోడా కలిపి రాగిని మడ్డిగా దింపి, ఆ మడ్డిని మూత సీసాలో దాస్తున్నాను.

పొడిని సిరంజిలో నింపి, దాని గుండా నీళ్లు పారేలా చేసిన కాలమ్ మూడు నిమిషాల్లో పూడుకుపోయింది. తర్వాతి ప్రయత్నం కడిగిన ఇసుక కలిపి.